ఉట్టియు, స్వర్గమును

(జగ్గయ్యపేట, నందిగామ పఠనమందిరములలో గావింపబడిన యుపన్యాసపాఠము)



మన మెట్టప్రాంతపు పఠనమందిరములలో దినదినము వినవచ్చు మాటలు సాగరుకాలువ నీరు, మిరప ధర, ప్రత్తిచేని పురుగు, సిమెంటు కర్మాగారముల దుమ్ము. వానినడుమ చంద్రమండలమునకు బోవదలచిన రాకెట్టును గూర్చి ముచ్చటింప బూనుట కొందఱికి వింతగ దోపవచ్చును. కాని యా రాకెట్టు మన సొమ్ముతో నిర్మాణమగుచున్నది; మన యాంధ్రతీరమునుండియే లేవనున్నది. కావున దానిని విచారించు హక్కును బాధ్యతయు శ్రీహరికోటలోని శాస్త్రజ్ఞున కెంత గలవో, జగ్గయ్యపేట వర్తకునకును నందిగామ రైతునకును అంతయే గలవు.

మొదట సంగతి యేమో చెప్పెదను. 2024 సెప్టెంబరు 18వ తేదీన కేంద్రమంత్రివర్గము క్రొత్త ప్రయోగవాహనమొకదాని నిర్మాణమునకు 8,240 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. మూడు పరీక్షాప్రయోగముల ఖర్చుకూడ నీ మొత్తములోనిదే. గడువు 8 సంవత్సరములు. నేడు మనకుగల వాహనములు భూమికి దగ్గఱి కక్ష్యలోనికి 10 టన్నుల వఱకు మోయగలవని యా ప్రకటనయే చెప్పుచున్నది. క్రొత్తది 30 టన్నులు మోయవలయును. బరువు మూడురెట్లు, ఖర్చు మాత్రము నేటి పెద్దవాహనమగు ఎల్.వి.ఎం.3 ఖర్చునకు ఒకటిన్నర రెట్లు. దీని మొదటి యంతస్తు పని ముగించి తిరిగివచ్చి మఱల నుపయోగపడవలయునని సంకల్పము. అటుపిమ్మట 2025 జనవరి 16వ తేదీన శ్రీహరికోటలో మూడవ ప్రయోగవేదికకు 3,984.86 కోట్లు మంజూరైనవి. అది నాలుగేండ్లలో సిద్ధము కావలయును. 2035 నాటికి అంతరిక్షమున భారతీయుల కొక నివాసము, 2040 నాటికి చంద్రునిపై భారతీయుని పాదము: ఇవి దేశము తనకు దాను పెట్టుకొన్న గడువులు.

ఇంతకంటె పెద్దమాటయు నొకటి మన తెలుగుగడ్డమీదనే వినబడినది. 2025 ఆగస్టులో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవమున ఇస్రో అధ్యక్షులు వి. నారాయణన్‌గారు మాటలాడుచు, 75 టన్నుల బరువును కక్ష్యలో నిలుపగల రాకెట్టును యోచించుచున్నామనియు, అది 40 అంతస్తుల మేడ యెత్తు ఉండుననియు జెప్పిరి. మంజూరైన పథకమునకును మనసులోని యోచనకును గల భేదమును మనము మఱువరాదు. మొదటిదానికి సొమ్మును గడువును గలవు. రెండవదానికి సంకల్పము మాత్రమే కలదు. గొప్పలకు బోవుటయు దగదు. అమెరికావారు 1969లో మానవులను చంద్రునికడకు బంపిన సాటర్న్-5 రాకెట్టు 110 మీటరుల యెత్తు గలది. చైనావారి లాంగ్ మార్చ్-5 యిప్పటికే 25 టన్నులు మోయుచున్నది. మనము పరుగుపందెమున ముందున్న వారము కాము. వెనుక బయలుదేఱియు దారి విడువని వారము.

ఇంత పెద్ద రాకెట్టేల యని ప్రశ్న. దీనికి మన బండ్ల లెక్కతోనే సమాధానము చెప్పవచ్చును. జగ్గయ్యపేటనుండి బందరునకు ఒక యెడ్లబండి పోవలయు ననుకొనుడు. త్రోవలో గడ్డి దొఱకదు, నీరు దొఱకదు. ఎడ్లకు వలయు మేతయు నీరును బండిలోనే వేసికొనవలయును. మేత వేసినకొలది బండి బరువెక్కును. బరువెక్కినకొలది యెడ్లకు మేత హెచ్చుగ గావలయును. ఆ హెచ్చుమేతను లాగుటకు మఱికొంత మేత. తుదకు బండినిండ మేతయే యుండి బేరపుసరుకునకు మూల నొక సంచి చోటు మిగులును. రాకెట్టు కథ యిదియే. ఆకాశమున గాలికూడ లేదు గనుక ఇంధనమును మండించు ప్రాణవాయువును సయితము వెంట గొనిపోవలయును. భూమిచుట్టు తిరుగుటకు సెకనునకు 7.8 కిలోమీటరుల వేగము కావలయును. చంద్రునికడకు బోవుటకు సెకనునకు ఇంచుమించు 11 కిలోమీటరులు. అందుకే మేత యయిపోయిన బండిని త్రోవలోనే విడిచి చిన్నబండితో ముందునకు సాగుదురు. రాకెట్టున కంతస్తులుండుటకు గారణ మిదియే. 1980 జూలై 18వ తేదీన శ్రీహరికోటనుండి విజయవంతముగ లేచిన మన మొదటి యుపగ్రహవాహనము ఎస్.ఎల్.వి.3 బరువు 17 టన్నులు. అది మోయగలిగిన సరుకు 40 కిలోలు. నేటి ఎల్.వి.ఎం.3 బరువు 640 టన్నులు.

2023లో చంద్రుని దక్షిణధ్రువప్రాంతమునకు సమీపమున దిగిన చంద్రయాన్-3 భూమినుండి బయలుదేఱినపుడు దాని బరువు సుమారు 3,900 కిలోలు. అందులో మనుష్యుడు లేడు, తిరుగుప్రయాణము లేదు. పోయి రాళ్లు తీసికొని రమ్మన్నంతనే లెక్క మాఱిపోవును. క్రొత్త రాకెట్టు మంజూరైననాడే 2,104.06 కోట్లతో చంద్రయాన్-4 మంజూరైనది. చంద్రునినుండి మట్టి తెచ్చుట దాని పని. ఒక్క ఎల్.వి.ఎం.3 దానిని మోయలేదు. అందుచే అయిదు భాగములుగ జేసి, రెండు రాకెట్లలో బంపి, ఆకాశమున గూర్పవలయును. ఆ కూర్చు విద్యను మనవారు స్పేడెక్స్ పరీక్షయందు 2025 జనవరి 16న సాధించిరి. మూడవ వేదిక మంజూరైనదియు నానాడే. ఇక మనుష్యుడు పోవలయునన్న, అతడు పీల్చు గాలి, త్రాగు నీరు, తిను తిండి, యింటికి వచ్చుటకు మేత, అన్నియు బండిలో బడవలసినదే. దూరపు టాకాశమునకు బోదలచువానికి పెద్దబండి యలంకారము గాదు, అవసరము.

ఇప్పటివఱకు మనము బండిని ఒక్కసారి తోలి సముద్రములో బాఱవైచుచున్నాము. బందరునకు బోయినప్పుడెల్ల బండిని కాలువలో ద్రోసి వచ్చు వర్తకుడు ఎన్నాళ్లు వర్తకము చేయగలడు? అమెరికాలోని యొక ప్రైవేటు కంపెనీ 2015 డిసెంబరులో ఉపగ్రహములను మోసిన రాకెట్టు మొదటి యంతస్తును తిరిగి నేలపై నిలువుగ దింపినది. నాటినుండి ప్రపంచమున మోతకూలి లెక్కలే మాఱిపోయినవి. మన క్రొత్తరాకెట్టునకు మీథేను వాయువును, ప్రాణవాయువును ద్రవములుగ జేసి యింధనముగ వాడదలచుటలోని మర్మము నిదియే. మీథేను కిరసనాయిలువలె మసి పట్టించదు. మసిపట్టని యంత్రమును దుడిచి మఱల వాడుట సులభము.

ఇక బండి యద్దెమాట. మన సమాచారోపగ్రహములు పెద్దవైనకొలది మన వాహనములకు మోయరాక పరదేశపు రాకెట్ల నాశ్రయించితిమి. 5,854 కిలోల జీశాట్-11ను 2018 డిసెంబరులో ఫ్రెంచి గయానాకు గొనిపోయి ఎగురవేయించితిమి. 4,700 కిలోల జీశాట్-ఎన్2ను 2024 నవంబరులో, అనగా ఈ క్రొత్తరాకెట్టు మంజూరైన రెండునెలలకు, అమెరికాలోని ఫ్లోరిడానుండి పంపితిమి. 2025 నవంబరు 2న 4,410 కిలోల ఉపగ్రహమును మన ఎల్.వి.ఎం.3యే శ్రీహరికోటనుండి మోసినది; సంతోషము. కాని రేపటి బరువులు నేటి బండి కందవు. ఎరువుసొమ్ము బరువుచేటని పెద్దలు ఊరక చెప్పలేదు.

ఆ చేటును మనమొకసారి యనుభవించియే యున్నాము. అతిశీతలద్రవములతో నడచు క్రయోజనిక్ యంత్రవిద్యకై 1991లో సోవియట్ సంస్థతో నొడంబడిక చేసికొంటిమి. 1992లో అమెరికా యాంక్షలు విధించెను. 1993లో రష్యా వెనుదీసి, యంత్రముల నమ్మెద గాని విద్య నీయననెను. మన శాస్త్రజ్ఞులు విద్యను తామే గడింప బూనిరి. స్వదేశీ యంత్రముతో 2010 ఏప్రిల్ 15న చేసిన మొదటి ప్రయోగము విఫలమైనది. 2014 జనవరి 5న సఫలమైనది. రెండు దశాబ్దములు! కాని నేడు చంద్రయానమును మోసినది ఆ స్వశక్తి ఫలమే. ఒకనాడు నూలువడికి స్వదేశీవ్రతము బట్టిన యీ జిల్లావారికి, విద్యయే స్వదేశి కానినాడు వస్తువు స్వదేశి కాజాలదను సత్యము వేఱుగ జెప్పనక్కఱలేదు.

మహాజనులారా, ఇక కష్టమైన ప్రశ్నకు వత్తము. “ఉట్టి కెగురలేనమ్మ స్వర్గమున కెగురునా” యని మన సామెత. ఈ సామెత మన ప్రాంతమున నొక్కమాటగా వినబడుట లేదు, గాయముగా వినబడుచున్నది. 2024 సెప్టెంబరు 1, 2 తేదీలలో ఏమి జరిగినదో మీకు నేను జెప్పనేల? మున్నేరు పొంగినది, పాలేరు పొంగినది, హైదరాబాదు రహదారి తెగినది, బుడమేరు విజయవాడ పేటలను ముంచినది, ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి పాఱినది. ఆ బురద యారకమునుపే, పదునాఱు దినములకు, ఢిల్లీలో రాకెట్టునకు 8,240 కోట్లు మంజూరైనవి. ఇండ్లలోని మెత్తలెండకముందే చంద్రునిమాట యేల యని యడిగినవానిని దేశద్రోహియనుట యన్యాయము. అతడు న్యాయమైన ప్రశ్న నడిగినాడు. న్యాయమైన సమాధానము బడయవలయును.

సమాధానమున మొదటి భాగము లెక్క. 8,240 కోట్లను 140 కోట్ల జనులకు బంచిన తలకు 59 రూపాయలు. ఎనిమిదేండ్లకు బంచిన ఏటికి ఏడు రూపాయల చిల్లర. మూడవ వేదికను గలిపినను తలకు మొత్తము 87 రూపాయలు. ఈ సొమ్మును మానినంతమాత్రమున మున్నేటికి గట్టు లేవదు. గట్టు లేవకుండుటకు గారణము సొమ్ములేమి యొక్కటియే గాదు. శ్రద్ధలేమి.

రెండవ భాగము అనుభవము. 1977 నవంబరు 19వ తేదీన నాటి మన జిల్లాలోనే దివిసీమపై ఉప్పెన విఱుచుకొనిపడినది. పదివేలకు బైగా ప్రాణములు పోయినవి. ఆనాడు తుపానుపై నిలిచి చూచు కన్ను మనకు స్వంతముగ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకుసరికి ఉపగ్రహములును రాడారులును ముందుగనే హెచ్చరింప, జనులను తరలింప, ఆంధ్రదేశమున ప్రాణనష్టము వందలోపున నిలిచినది. 1979 ఆగస్టు 10న మన మొదటి ఎస్.ఎల్.వి.3 బంగాళాఖాతములో గూలినపుడు, కూటికిలేని దేశమునకు రాకెట్టులేల యనువారి మాటవిని మానియుండినచో నా కన్ను మనకుండెడిదా?

వాతావరణోపగ్రహములకు ఇంత పెద్ద రాకెట్టు వలదుగదా యని మీరనవచ్చును. నిజమే; 2024 ఫిబ్రవరిలో పోయిన ఇన్‌శాట్-3డి.ఎస్. బరువు 2,274 కిలోలే. తుపాను పేరుజెప్పి పెద్దరాకెట్టు నమ్ముట సరి గాదు. పెద్దరాకెట్టును దాని స్వంతగుణముచేతనే తూచవలయును: పెద్దయుపగ్రహములకు పరుల బండి నాశ్రయింపకుండుట, దూరాకాశమునకు మనదారిన మనము పోగల్గుట, ఆ ప్రయత్నమున లోహవిద్య, శీతలవిద్య, యంత్రవిద్య మనదేశమున స్థిరపడుట. ఇవి చాలును. కాని 2024 వరదలు నేర్పిన పాఠ మొకటి కలదు. ఆకాశమున కన్ను తెఱచియున్నంత మాత్రమున చాలదు. నేలపై చెయ్యి కదలవలయును. మబ్బును జూచు కన్నునకును, వాగుగట్టున నున్న పేదవాని చెవికిని నడుమ గల దూరము, భూమికిని చంద్రునికిని గల దూరముకంటె హెచ్చుగ నుండరాదు.

పెద్దపని యనగా నేమో మెట్టసీమవారికంటె నెవరికి దెలియును? ఒకప్పుడు నందికొండ ప్రాజెక్టు కూడ స్వర్గమున కెగురుటవంటి మాటయే. డెల్టాకు నీరు, మెట్టకు ఎండ యని తలవ్రాతగ నుండిన దినములలో మన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్‌గారు పట్టు విడువక యా యానకట్టకై పాటుపడిరి. ఖోస్లా సంఘమువారు 1952లో దానిని బరిశీలించిరి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. శంకుస్థాపననుండి నీటిచుక్కవఱకు పండ్రెండేండ్ల కాలము! ఆనాడు ఆ సొమ్ముతో ఊరూర నూతులు త్రవ్వింపరాదా యన్నవారి మాట గెలిచియుండిన నేడు నాగార్జునసాగరమెక్కడ? అయితే యెడమకాలువ చివరిభూముల మనకు తెలిసిన రెండవసత్యము కూడ కలదు. ఆనకట్ట కట్టినంతమాత్రమున కాలువతుదకు నీరు రాదు. అడుగుచుండవలయును; తూములకడ నిలిచి చూచుచుండవలయును. పెద్దపని చేయు జాతికి ఓపికయు గావలయును, లెక్కయడుగు పౌరుషమును గావలయును. ఒకటియుండి రెండవది లేకున్న పని చెడును. నే నీనాడు చెప్పవచ్చిన మాట యింతమాత్రమే.

ఏమి లెక్క యడుగవలయును? మొదటిది, విద్యయొక్క లెక్క. హైదరాబాదులో 1973లో నెలకొన్న మిధాని కర్మాగారము రాకెట్టుల గర్భమునకు వలయు గట్టియుక్కును జేయుచున్నది. 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి లేచిన మొదటి ప్రైవేటు రాకెట్టు విక్రమ్-ఎస్ హైదరాబాదు కంపెనీవారిదే. క్రొత్తరాకెట్టును మనదేశపు పరిశ్రమల భాగస్వామ్యముతో నిర్మింతుమని ప్రభుత్వము ప్రకటించినది. మంచిది. ఆ భాగము నాలుగు మహానగరముల గేట్లలోపలనే యాగిపోవునా, చిన్నపట్టణముల పాలిటెక్నిక్కుల పిల్లలవఱకు బాఱునా? ఇదియు కాలువతుది ప్రశ్నయే.

రెండవది, ఋణముయొక్క లెక్క. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట 1969లో ఏర్పఱుపబడినది. తూర్పున సముద్రము, భూమధ్యరేఖకు సామీప్యము, భూమి తిరుగు వేగమే రాకెట్టునకు సెకనునకు 450 మీటరుల తోపు నిచ్చును. 1971 అక్టోబరు 9న మొదటి చిన్నరాకెట్టు అచ్చటినుండి లేచినది. కాని యా దీవి నిర్మానుష్యము గాదు. యానాదులు తరతరములుగ నాయడవిని నమ్ముకొని బ్రతికినవారు. వారు స్థలమిచ్చి తరలిరి. సాగరమునకు ఊళ్లు మునిగినట్లే యిదియు. మూడవవేదిక లేచునాటికి యానాదుల పిల్లలు ఆ కేంద్రమున కావలివారుగ మాత్రమే గాక యింజనీరులుగ నున్నారా యని యడుగుట దేశభక్తియే యగును.

మూడవది, ఉద్దేశముయొక్క లెక్క. మన జగ్గయ్యపేట స్తూపమునుండి మదరాసు మ్యూజియమునకు జేరిన శిలాఫలక మొకటి లోకప్రసిద్ధము. బర్జెస్ దొర 1887లో ప్రకటించిన గ్రంథమున నీ స్తూపవృత్తాంతము గలదు. ఫలకముపై నొక చక్రవర్తి సప్తరత్నములనడుమ నిలిచి చేయెత్తగా నాకాశమునుండి నాణెములు కురియుచుండును. అతడు మాంధాతయని పండితులనిరి. ఆ మాంధాత కథ బౌద్ధులకు దెలిసినదే: భూమినంతయు నేలి, స్వర్గమునకెక్కి, ఇంద్రునితో సగము సింహాసనమును బడసి, తక్కిన సగము నాశించి, నేలగూలినాడు. రెండువేల యేండ్లనాడు మన యూరి శిల్పి చెక్కిన యీ హెచ్చరిక నేటి రాజ్యములకును వర్తించును. ఆకాశమున కెక్కుట తప్పు గాదు. నాణెములకును ఆధిపత్యమునకును మాత్రమే యెక్కుట తప్పు. మన రాకెట్టు విజ్ఞానమునకు బోవుచున్నదా, ప్రదర్శనమునకు బోవుచున్నదా? విఫలమైననాడు గారణమును ప్రజలకు విప్పిచెప్పుదురా? 2025 మే 18న మన పి.ఎస్.ఎల్.వి. విఫలమైనది. పడుట నామోషీ గాదు. సోవియట్టులవారి చంద్రరాకెట్టు ఎన్-1 1969 మొదలు 1972 వఱకు నాలుగుమాఱులెగిరి నాలుగుమాఱులును గూలినది. ఆ సంగతిని వారు చిరకాలము దాచిరి. మనము ప్రజారాజ్యము వారము. దాచుట మనకు దగదు.

తుదకు మన కర్తవ్యము. ఈ పఠనమందిరములు స్వాతంత్ర్యమునకు బూర్వము వార్తాపత్రికల జదివి వినిపించి ప్రజలను మేల్కొల్పిన స్థలముల వంటివి. నేడు వీనికి వేఱొక పని గలదు. గతివిద్య, రసాయనము, ఖగోళము తెలుగున జదువదగిన గ్రంథములు ఒక బీరువా నిండ నుండవలయును. ప్రయోగము జరుగు దినమున పిల్లలను గూర్చి, ఏ యంతస్తు ఎప్పుడు విడివడునో, ఏల విడివడునో లెక్కగట్టి చూపవలయును. చప్పట్లు కొట్టు చేతులు దేశమున గొల్లలు. లెక్కగట్టు చేతులు గావలయును. అట్లే ప్రతి యేడును ఆషాఢము రాకముందు, మున్నేటి గట్టు, పాలేటి వంతెన, హెచ్చరిక చేరు విధము, వీనిని గూర్చి యధికారుల నడుగు వినతిపత్రము నొకటి యీ బల్లమీదనే వ్రాయవలయును.

సామెత చెప్పిన యమ్మకు ఉట్టియు దూరమే, స్వర్గమును దూరమే. ఆమె నెగతాళి చేయుట మాని, ఆమెకొక నిచ్చెన వేయుదము. ఆ నిచ్చెన మొదటిమెట్టు మన వాగుగట్టుమీద నుండవలయును. పైమెట్టు ఎంతయెత్తున నుండునో మన పిల్లలు నిర్ణయింతురు.